రంగూన్ నుంచి బెజవాడ దాకా: పెద్దల జ్ఞాపకాలను పుస్తకం చేసే ఒక సేవపై సమీక్ష

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ప్రింటింగ్ ప్రెస్ మేడమీద నడుస్తున్న చిన్న సంస్థ ఒకటి, ఇంట్లోని పెద్దవారి జీవితకథను వారి నోటనే చెప్పించుకొని రికార్డు చేసి, దాన్ని రాతలోకి ఎక్కించి, పాత ఫొటోలూ కాగితాలూ జతచేసి పుస్తకంగా అచ్చువేసి ఇస్తోంది. పుస్తకాల వ్యాపారానికీ అచ్చుపనికీ పేరుపడిన ఊరు కాబట్టి ఇలాంటి సేవ బెజవాడలో మొదలవడంలో వింతేమీ లేదు. మా మామగారి కథ మా అబ్బాయికి సరిగ్గా అందాలన్న ఉద్దేశంతో గత వేసవిలో వీరిని పిలిపించుకున్నాము; పుస్తకం దసరా దాటాక చేతికి వచ్చింది. మెచ్చుకోవలసినవి ఎన్ని ఉన్నాయో తప్పుపట్టవలసినవీ దాదాపు అన్నే ఉన్నాయి కనుక, ఇంకా నిలదొక్కుకుంటున్న వారి పేరును ఇక్కడ రాయడం లేదు. నా అభిప్రాయం మాత్రం ముందే చెబుతాను. వీరికి వినడం బాగా తెలుసు, విన్నదాన్ని ఉన్నదున్నట్టు ఉంచడం ఇంకా తెలియదు. అందుకే రికార్డింగుకు పెట్టిన ప్రతి రూపాయీ సార్థకమైంది, అచ్చుకు పెట్టినదానిలో కొంత వృథా అయింది.

మా మామగారు 1940లో బర్మా (ఇప్పటి మయన్మార్)లోని రంగూన్‌లో పుట్టారు. వారి తాతగారు కళింగపట్నం దగ్గరి ఒక పల్లె నుంచి బియ్యం మిల్లులో కూలికి బర్మా వెళ్ళినవారు. 1852 యుద్ధంతో దిగువ బర్మా ఆంగ్లేయుల చేతికి వచ్చి, 1869లో సూయజ్ కాలువ తెరుచుకొని, ఐరావతి డెల్టా బియ్యానికి ఐరోపాలో గిరాకీ పెరిగిన తరువాత, మన కోస్తా రేవుల నుంచి వేలాది తెలుగువారు మిల్లు పనులకూ ఓడరేవు పనులకూ అక్కడికి తరలిపోయారు. కోరంగి రేవు పేరు మీదనే అక్కడి తెలుగువారిని బర్మీయులు కోరంగీలు అని పిలిచేవారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే ఉండేవారు. 1937 ఏప్రిల్ 1న విడదీసే వరకూ బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగమే కనుక ఆ తాతగారు వెళ్ళినది పరదేశానికి కాదు. మా అబ్బాయి చదువుకుంటున్న పాఠాల్లో ఆ సంగతి నాకు కనిపించలేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను. మనవడైన మా మామగారికి మాత్రం పుట్టిన ఊళ్ళోనే విదేశీయుడిగా నమోదుపత్రం పుచ్చుకొని తిరగవలసిన రోజులు వచ్చాయి. ఈ కుటుంబం తిరిగి వచ్చినది ఒక్కసారి కాదు. 1942లో యుద్ధం తరిమితే స్వగ్రామానికి చేరి, 1946లో మళ్ళీ రంగూన్ వెళ్ళి, సైనిక ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేశాక 1964లో రెండోసారి ఉత్త చేతులతో ఓడ దిగింది. ఈ రెండు రాకలను పాఠకులు గుర్తుంచుకోవాలి, పుస్తకంలోని పెద్ద చిక్కు వీటితోనే వచ్చింది.

పని మొదలయ్యే ముందు సంస్థ తరఫున ప్రశ్నలు అడిగే ఒక అమ్మాయి, రికార్డింగు చూసుకొనే ఒక యువకుడు సత్యనారాయణపురంలోని మా ఇంటికి వచ్చారు. వంశవృక్షం రాయించుకున్నారు, ఎవరెవరు ఎక్కడ ఉన్నారో, ఎవరిని ఏమని పిలుస్తారో అడిగి తెలుసుకున్నారు. మామగారి రేకుపెట్టెలోని కాగితాలను, అంటే బర్మాలో ఇచ్చిన నమోదుపత్రం, ఇక్కడికి వచ్చాక కాందిశీకుడిగా గుర్తిస్తూ ఇచ్చిన ధ్రువపత్రం, అంచులు విరిగిన కొన్ని ఫొటోలు, ఇవన్నీ వెంట తీసుకుపోకుండా మా భోజనాల బల్ల మీదనే స్కాన్ చేసుకున్నారు. ఈ ఒక్క పద్ధతి చూసే వీరి మీద నాకు నమ్మకం కుదిరింది. పాత ఫొటోలు తీసుకువెళ్ళి పోగొట్టిన స్టూడియో కథ ప్రతి ఇంట్లోనూ ఒకటుంటుంది.

అప్పుడే ఒక అంగీకారపత్రం మీద సంతకం చేయమన్నారు. చిన్న అక్షరాలలో ఉన్న ఒక షరతు ప్రకారం రికార్డింగులోని ముక్కలను సంస్థ తన ప్రచారానికి వాడుకోవచ్చు. ఆ వాక్యాన్ని కొట్టివేసి సంతకం పెడతామంటే వారు అభ్యంతరం చెప్పలేదు. అడిగితే తీసేస్తారు, అడగకపోతే ఉంటుంది. ఈ సేవను తీసుకొనేవారు ఆ పేజీని నిదానంగా చదువుకోవడం మంచిది. ఎనభై ఐదేళ్ళ మనిషి మనవడితో చెప్పుకున్న మాటలు ఎవరి ఫోన్లో మోగాలో నిర్ణయించవలసినది ఇంటివారే.

రికార్డింగుకు ఉదయం పూటను ఎంచుకోవడం సరైన నిర్ణయం. వీధిలో కూరగాయల బండ్లు రాకముందే, కుక్కరు పెట్టకముందే మొదలుపెట్టి, మామగారు అలసిపోయే లోపల ఆపేసేవారు. చొక్కాకు తగిలించే చిన్న మైకుతో పాటు బల్ల మీద ఇంకొక రికార్డరు కూడా ఉంచారు. ఒకటి ఆగినా రెండోది ఉంటుందన్న ముందుజాగ్రత్త. బెజవాడ వేసవిలో అసలు కష్టం ఫ్యానుతో వచ్చింది. ఫ్యాను తిరిగితే దాని హోరు మైకులో పడుతుంది, ఆపితే పెద్దాయనకు ఉక్కపోత. రోళ్ళు పగిలే ఎండల్లో ఆయనను అలా కూర్చోబెట్టడం నాకు నచ్చక ముందు రోజే అభ్యంతరం చెప్పాను. పక్కగదిలో కూలరు పెట్టి తలుపు ఓరగా తెరిచి, మైకును ఆయన గొంతుకు మరింత దగ్గరగా జరిపి ఆ యువకుడు దారి చూపాడు. చివరకు అందిన ఆడియోలో సన్నటి హోరు ఉంది గానీ మాట ఎక్కడా మరుగునపడలేదు. ఈ సేవ కావలసినవారికి కార్తికం నుంచి మాఘం దాకా ఉన్న చల్లని రోజులే అనువైన కాలమని నా సలహా.

ఇక ప్రశ్నల సంగతి. సంస్థ దగ్గర అచ్చువేసిన ప్రశ్నల పట్టిక ఉంది. మీ బాల్యం గురించి చెప్పండి, మీకు స్ఫూర్తినిచ్చినవారు ఎవరు, నేటి యువతకు మీరిచ్చే సందేశం ఏమిటి, ఇలా సాగుతుంది అది. ఆ ప్రశ్నలకు మామగారు పదవీవిరమణ సభలో మాట్లాడినట్టు మాట్లాడారు. కష్టపడ్డాము, దేవుడి దయవల్ల పైకి వచ్చాము, పిల్లలు బాగా చదువుకున్నారు అని మూడు మాటలలో ముగించేశారు. రెండో విడత రికార్డింగులో ఆ అమ్మాయి పట్టికను మడిచి సంచిలో పెట్టేసి, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయిని ఆయన ఎదురుగా కూర్చోబెట్టి, నీకు ఏది తెలుసుకోవాలనిపిస్తే అది అడుగు అంది. ఈ సేవలో అత్యుత్తమమైన భాగం ఇదే. తెలిసి చేసిందో, విసుగు పుట్టి చేసిందో చెప్పలేను.

పిల్లవాడు అడిగిన మొదటి ప్రశ్న, "ఓడలో అందరికీ బాత్రూములు ఉండేవా తాతయ్యా?" అని. మామగారు పెద్దగా నవ్వి, ఆ తరువాత చాలాసేపు ఏకధాటిగా చెప్పుకుపోయారు. డెక్కు మీద తాళ్ళు కట్టి, వాటి మీద ఆడవాళ్ళు చీరలు పరిచి చాటు చేసుకోవడం, ఒక్కొక్క కుటుంబం పరుచుకున్న చాపే దాని హద్దు కావడం, మంచినీళ్ళ దగ్గర వరుసలో తెలుగు, తమిళ, ఒరియా మాటలు కలగలిసి వినిపించడం, కెరటాలు ఎక్కువైన రాత్రి ఎవరి చాప మీద ఎవరు దొర్లారో తెలియకపోవడం, ఇవేవీ మేము అంతకుముందు విన్నవి కావు. నాకు పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన ఇన్నేళ్ళలో రంగూన్ అనగానే ఆయన చెప్పినవి ష్వేడగాన్ పగోడా, సూలే పగోడా, వర్షాలు, ఇంతే.

"మీ కొట్లో ఏమేం అమ్మేవారు?" అన్న ప్రశ్న 1964 మార్చి నెలను బయటికి తెచ్చింది. ఉప్పు, ఎండుచేపలు, కిరసనాయిలు, పప్పులు అమ్మే ఆ చిన్న కొట్టును ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడానికి వచ్చినప్పుడు, సరుకుల జాబితాను వారి నాన్నగారి చేతనే చదివించారట. ఆయన ఒక్కొక్క బస్తా పేరు చదువుతుంటే, పక్కన నిలబడిన ఇరవై నాలుగేళ్ళ కొడుకు తూకాలు చెప్పాడు. 1962 మార్చి 2న సైన్యాధిపతి నే విన్ అధికారం చేజిక్కించుకున్న తరువాత సాగిన జాతీయీకరణ గురించి పుస్తకాలలో ఎంతైనా దొరుకుతుంది. తన కొట్టును తానే చదివి అప్పగించిన మనిషి గురించి మాత్రం ఇలా ఒక కుర్రవాడు అడిగితేనే తెలుస్తుంది. రెండు నెలలకు, మే 17న, 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవని ప్రకటించారు. గల్లాపెట్టెలో దాచిన నోట్లతో ఆ ఇంట్లోని చిన్నపిల్లలు దుకాణం ఆట ఆడుకున్నారని చెప్పి మామగారు మళ్ళీ నవ్వారు. రికార్డింగులో ఆ నవ్వు ఉంది, పుస్తకంలో లేదు.

రేవులో తనిఖీ సంగతీ అలాగే వచ్చింది. బంగారం తీసుకుపోకూడదంటూ వారి అమ్మగారి చెవికమ్మలు విప్పించుకున్నారు. చెవి రంధ్రాలు పూడిపోకుండా ఆవిడ చీపురుపుల్లలు విరిచి పెట్టుకొని, ఆ పుల్లలతోనే విశాఖపట్నం రేవులో దిగారు. "మళ్ళీ కమ్మలు ఎప్పుడు కొన్నారు?" అని మా అబ్బాయి అడిగిన ప్రశ్నకు మామగారు లెక్క చెప్పలేకపోయారు. తన మొదటి జీతంతో కొన్నానని చాలాకాలంగా అనుకుంటున్నాననీ, నిజానికి అమ్మే వద్దని ఆ డబ్బును చెల్లెలి పుస్తకాలకు ఇప్పించిందనీ అక్కడికక్కడే గుర్తు తెచ్చుకొని దిద్దుకున్నారు. పెద్దలు ఏళ్ళ తరబడి చెప్పిచెప్పి నునుపు తేలిన కథ ఒకటుంటుంది. అసలు జరిగినది దాని కింద ఉంటుంది. పిల్లల ప్రశ్నలు దాన్ని కదిలించినట్టు సంస్థ వారి పట్టికలోని ఏ ప్రశ్నా కదిలించలేదు.

ఆ అమ్మాయి పనితనం గురించి ఇంకొక్క సంగతి. ఒకచోట మామగారు చెప్పబోయి ఆగి, "ఇది రాయకండమ్మా" అన్నారు. ఆమె వెంటనే రెండు రికార్డర్లనూ ఆపేసి, ఆపిన సంగతి ఆయనకు చూపించి, నోట్‌బుక్కు కూడా మూసేసింది. ఆయన చెప్పవలసినది చెప్పుకున్నారు. అదేమిటో పుస్తకంలో లేదు, ఇక్కడా ఉండదు. డబ్బు తీసుకొని కథలు రాబట్టే పనిలో ఉన్నవారికి ఇంత నిగ్రహం ఉండడం అరుదు, అందుకు ఎన్ని మార్కులు వేసినా తక్కువే.

మొదటి ప్రూఫు వచ్చాక మా ఉత్సాహం తగ్గింది. మా మామగారు బెజవాడలో అరవై ఏళ్ళుగా ఉంటున్నా ఆయన మాట ఇప్పటికీ శ్రీకాకుళం మాటే. గుంటూరు నుంచి కోడలిగా వచ్చిన నాకు ఆ యాస చెవికి పట్టడానికి కొంతకాలం పట్టింది గానీ, పట్టాక అది లేని ఆయన కథను ఊహించుకోలేను. రికార్డింగులో ఆయన అన్నది, "మాయమ్మ నన్ను సంకనేసుకోని ఓడెక్కీసింది" అని. ప్రూఫులో ఉన్నది, "మా మాతృమూర్తి నన్ను ఎత్తుకొని నౌకను అధిరోహించారు" అని. "ఏటి తెచ్చుకున్నాం, ఒంటిమీది బట్టే గదా" అన్న మాట "కట్టుబట్టలతో స్వదేశాగమనం గావించాము" అయింది. పేజీ పేజీకీ ఇదే తంతు. రాతలోకి ఎక్కించే పనిని ఎవరో విశ్రాంత పండితులకు అప్పగించారట. ఆయన తన బాధ్యతను శ్రద్ధగా నెరవేర్చారు. మా అబ్బాయి రెండు పేజీలు చదివి, ఇది తాతయ్య కాదు అని పక్కన పెట్టేశాడు.

మేము గట్టిగా అడిగిన మీదట, సంభాషణల వరకు ఆయన మాటను ఉన్నదున్నట్టు పెట్టారు. కథనం మాత్రం వ్యావహారికంలోకి దిగివచ్చి అక్కడే ఆగింది. పూర్తిగా ఆయన మాటలోనే ఉంచితే ఇతర జిల్లాలవారికి అర్థం కాదన్నది వారి వాదన. ఈ పుస్తకం ఇతర జిల్లాల వారి కోసం కాదు, ఒక ఇంటి కోసం. ఆ ఇంట్లోవారందరికీ ఆయన మాట అర్థమవుతుంది. ప్రతులు పాతిక వేయించుకొనే పుస్తకానికి వార్తాపత్రిక భాష ఎందుకో నాకు ఇప్పటికీ బోధపడలేదు. ఈ సేవను తీసుకోదలచినవారు మొదటి అధ్యాయం రాయగానే చూపించమని షరతు పెట్టుకుంటే, మొత్తం పుస్తకాన్ని దిద్దించుకొనే శ్రమ తప్పుతుంది.

ఇంతకన్నా పెద్దది ఆ రెండు రాకల చిక్కు. రాసినవారు 1942నూ 1964నూ ఒకే ప్రయాణం చేసేశారు. ప్రూఫు ప్రకారం, జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి, కొట్టు పోయింది, రేవులో కమ్మలు విప్పించుకున్నారు, అమ్మ బిడ్డను ఎత్తుకొని ఓడ ఎక్కింది. నిజానికి బాంబులు పడినది 1941 డిసెంబరు 23న. ఆ తరువాతి నెలలో అమ్మగారు, ఇంకా రెండేళ్ళు నిండని మామగారిని ఎత్తుకొని, కిక్కిరిసిన ఓడలో మద్రాసు చేరి, అక్కడి నుంచి రైలులో చికాకోల్ రోడ్డు (ఇప్పటి శ్రీకాకుళం రోడ్డు) స్టేషనులో దిగారు. చోటు దొరకని నాన్నగారు మరి కొందరితో కలిసి ప్రోమ్ దాకా వెళ్ళి, అక్కడి నుంచి అరకాన్ కొండలు దాటి టాంగప్‌కు నడిచి, పడవల మీద అక్యాబ్, అక్కడి నుంచి చిట్టగాంగ్ చేరి, కలరాను తప్పించుకొని ఎండాకాలంలో ఇంటికి వచ్చారు. కమ్మలూ కొట్టూ ఇరవై రెండేళ్ళ తరువాతి ముచ్చట.

దీన్ని పట్టుకున్నది మా అబ్బాయే. "అప్పటికి తాతయ్యకు రెండేళ్ళు కూడా లేవు కదా, కమ్మలు తీసిన మనిషి మీసాలు ఎలా గుర్తున్నాయి?" అని వాడు అడిగితే, సంస్థవారు ఆడియో మళ్ళీ విని, తప్పు ఒప్పుకొని రెండు అధ్యాయాలుగా విడదీశారు. అందుకు అదనంగా ఏమీ తీసుకోలేదు. అయినా అసలు సమస్య అలాగే మిగిలింది. 1942 సంగతులు మామగారికి వాళ్ళమ్మ చెప్పగా తెలిసినవి, 1964 సంగతులు ఆయన కళ్ళతో చూసినవి. నాన్నగారి నడక ఇంకా దూరపుది. ఆయన దాని గురించి ఇంట్లో ఎక్కువ మాట్లాడేవారు కారట, తోడు నడిచిన బంధువుల నోట విన్నదే మామగారు చెప్పారు. చెప్పేటప్పుడు ఆయన ఈ తేడా చాలా జాగ్రత్తగా పాటించారు. మాయమ్మ చెప్పేది, మా నాన్నతో నడిచినోళ్ళు అనీవోరు అని ప్రతిచోటా చెప్పుకుంటూ వచ్చారు. పుస్తకంలో ఆ మాటలన్నీ ఎగిరిపోయి, అంతా ఆయనే చూసినట్టు తయారైంది. ఒక కుటుంబ చరిత్రలో ఎవరు చూశారు, ఎవరు విన్నారు అన్నది అలంకారం కాదు, ఆధారం. తేదీలను సరిచూసుకొనే ఓపిక ఉన్న సంస్థ ఈ చిన్న మాటలను అనవసరమని కొట్టివేయడం నన్ను నిరాశపరిచింది.

తేదీల విషయంలో వారి శ్రమను కాదనలేను. పేజీ పక్కన గళ్ళు గీసి ఇచ్చిన చారిత్రక వివరాలు చాలావరకు పనికివచ్చేవే. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయన్న గడి, స్వగ్రామం చేరిన ఆ తల్లి ఎంత కాలం నిశ్చింతగా ఉండగలిగిందో ఒక్క వాక్యంలో చెప్పింది. అయితే ఈ గళ్ళను ఎక్కడ ఆపాలో వారికి తెలియలేదు. 1944లో నేతాజీ తన ప్రధాన కార్యాలయాన్ని రంగూన్‌కు మార్చడం గురించీ, బహదూర్ షా జఫర్ అక్కడే కన్నుమూయడం గురించీ పేజీలకు పేజీలు నింపారు. 1944లో ఈ కుటుంబం రంగూన్‌లోనే లేదు! మరోవైపు, ఆయన బతుకును మలుపు తిప్పిన నిబంధన ఒకటి పుస్తకంలో లేకుండా పోయింది. 1963 జూన్ 1న గానీ ఆ తరువాత గానీ బర్మా నుంచి వచ్చిన భారత సంతతివారికి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలలో వయోపరిమితిని సడలించారు. ఆ సడలింపు వల్లనే ఇరవై ఏడేళ్ళ వయసులో, 1967లో, అంతకు ముందు సంవత్సరం అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేలో ఆయనకు గూడ్స్ షెడ్డు గుమాస్తా ఉద్యోగం వచ్చింది, విజయవాడకు రావడమూ అందువల్లనే. ఈ సంగతిని ఆయన రికార్డింగులో స్పష్టంగా చెప్పారు, ధ్రువపత్రం కాపీ కూడా వారి దగ్గరే ఉంది. బెజవాడలో మొదటి రోజుల గురించి ఆయన చెప్పిన వాటిలో, ఇప్పటి బీఆర్‌టీఎస్ రోడ్డు ఉన్నచోట రైళ్ళు పోయే కాలంలో, ఆ చప్పుడుకు వాళ్ళమ్మ ఓడ కూత అనుకొని లేచి కూర్చొనేవారన్న ముక్క ఒకటి మిగిల్చారు, సంతోషం.

ఫొటోల ముద్రణ శుభ్రంగా ఉంది. చిరిగిన అంచులను అతికి, మరకలు తుడిచి, ఆర్టు పేపరు మీద విడిగా వేశారు. కానీ మమ్మల్ని అడగకుండా, వాళ్ళమ్మగారి నలుపు తెలుపు ఫొటోకు కంప్యూటరు చేత రంగులద్దించి ముఖచిత్రంగా పెట్టారు. ఆవిడ కట్టుకున్నది ముదురాకుపచ్చ చీర అని మామగారికి బాగా గుర్తు. కంప్యూటరు దాన్ని గులాబీరంగు చేసింది. ప్రూఫు చూసిన ఆయన ఏమీ అనలేదు గానీ ఆ పేజీ మళ్ళీ తెరవలేదు. అసలు ఫొటోనే పెట్టించాము.

అచ్చు, బైండింగు విషయాలు క్లుప్తంగా చెబుతాను. డెమ్మీ సైజు, 80 జీఎస్‌ఎం మ్యాప్‌లితో పేపరు, అక్షరం పెద్దవారు కూడా చదువుకోగలిగినంత పెద్దది. బైండింగు జిగురుతో చేసినది. పుస్తకాన్ని పూర్తిగా వెనక్కి విరిస్తే వెన్ను చీలిపోతుంది. తరాల పాటు ఉండవలసిన దానికి కుట్టు బైండింగు కోరుకోవడం మేలు, కొంచెం ఎక్కువ అవుతుంది, అంతే. డీటీపీ పాతకాలపు అనూ ఫాంట్లలో చేశారు కనుక వారి ఫైలును మన కంప్యూటర్లో తెరిస్తే గజిబిజి అక్షరాలు కనిపిస్తాయి. యూనికోడులోకి మార్చి ఇవ్వమని అడిగితే మార్చి ఇచ్చారు, మారేటప్పుడు కొన్ని ఒత్తులు ఊడిపోయాయి. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు ఆ ఫైలును తీరికగా దిద్దుతోంది.

మొత్తం ఖర్చు, పాతిక ప్రతులతో కలిపి, సుమారు 30,000 రూపాయలు. ఇందులో సగానికి కాస్త తక్కువ రికార్డింగుకు, మిగిలినది రాతకు, అచ్చుకు. చేతిలోని ఫోనుతోనే రికార్డు చేసుకోవచ్చు కదా, ఇంత ఎందుకు అని మా బంధువులలో కొందరు అన్నారు. చేసుకోవచ్చు. చొక్కాకు తగిలించే మైకు కూడా తక్కువ ధరకే దొరుకుతుంది. అయితే ఇంట్లోవాళ్ళు అడిగితే మామగారు ఇంతగా చెప్పేవారా అన్నది అనుమానమే. బయటి మనిషి ఎదుట కూర్చుని, పనిగట్టుకొని వచ్చి వింటున్నప్పుడు ఆయన చెప్పిన తీరే వేరు. ఆ బయటి మనిషి పక్కన మనవడు కూడా ఉండాలి. ఈ రెండూ కుదిరితే మంచి ఫోను చాలు, కుదరకపోతే ఈ సంస్థ రికార్డింగు విభాగాన్ని మాత్రమే విడిగా తీసుకోవచ్చు; అడిగితే ఆ ఏర్పాటుకు ఒప్పుకుంటున్నారు.

తీసుకొనేవారు ఎడిటు చేయని ఆడియోను పూర్తిగా, కుదించని ఫైళ్ళుగా పెన్‌డ్రైవులో అడిగి పుచ్చుకోవాలి. వారు మామూలుగా ఇచ్చేది దగ్గులు, ఆగిన చోట్లు, వెతుక్కున్న మాటలు తీసేసి కుదించిన ఎమ్‌పీ3. మా ఇంట్లో ఇప్పుడు వింటున్నది మాత్రం కత్తిరించనిదే. విశాఖపట్నంలో ఉన్న మామగారి చెల్లెలికి పంపితే, ఆవిడ విని, డెక్కు మీద చీరలు కట్టిన తాళ్ళ విషయంలో అన్నయ్య పొరబడ్డాడనీ, అవి తాళ్ళు కావు, చింపిన దుప్పట్లనీ ఫోనులో వాదనకు దిగారు. ఆ వాదన ఇంకా తేలలేదు. సంస్థ వారు ఆవిడ చెప్పేది కూడా రికార్డు చేస్తామన్నారు, విశాఖపట్నం వెళ్ళడానికి అయ్యే ఖర్చు విడిగా ఇవ్వాలట.

రెండో ముద్రణ వేయించుకుంటే నేతాజీ పేజీలు తీసేసి, ఆ స్థానంలో టాంగప్ దారి పటాన్నీ, వయోపరిమితి నిబంధననూ, చెల్లెలి వాదననూ చేరుస్తామని వారు ఒప్పుకున్నారు. ఫైలు మా దగ్గర ఉంది కనుక ఆ పని వారే చేస్తారా, ఏలూరు రోడ్డులో మరో ప్రెస్సు చేస్తుందా అన్నది వారు చెప్పే ధరను బట్టి, మా ఆడపడుచు ఒత్తులు దిద్దడం ముగించే వేళను బట్టి ఉంటుంది.